లిగ్నిన్ వాసన వదిలించడం – 3వ పాఠం: పుల్లని నీటితో కడుగు, వాసెన మీద ఆవిరి

పోయిన పాఠంలో చెప్పిన పని చేసినవాళ్ల దగ్గర ఇప్పుడొక కాగితం ఉండాలి. క్రాఫ్ట్ లిగ్నిన్ పొడిని ముందు పొడిగా, తర్వాత తడిపి, ఆ తర్వాత వేడి చేసి వాసన చూసి రాసుకున్న కాగితం. లిగ్నిన్ అంటే కర్రలో నారల్ని అతికించి ఉంచే జిగురు లాంటి పదార్థం. పొడిగా ఉన్నప్పుడు కుళ్లిన క్యాబేజీ, తడిపితే అదే ఇంకాస్త ఘాటుగా, వేడెక్కితే కట్టెల పొయ్యి పొగ. ఇంచుమించు అందరికీ ఇలాగే వచ్చి ఉంటుంది. ఆ కాగితం పక్కన పెట్టుకోండి, ఇవాళ దానితో పని ఉంది.

ఒక్కసారి గుర్తు చేసుకుందాం. కాగితపు గుజ్జు కోసం కర్రముక్కల్ని కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ కలిపిన నీళ్లలో 160–170 డిగ్రీల దగ్గర ఉడికిస్తారు. ఈ పద్ధతి పేరే క్రాఫ్ట్. లిగ్నిన్‌కి అంటుకుని ఉన్న మిథైల్ గుంపుల్ని ఆ సల్ఫైడ్ లాక్కుంటుంది. అలా పుట్టినవే మిథైల్ మెర్‌కాప్టాన్, డైమిథైల్ సల్ఫైడ్. గాలి తగిలితే మెర్‌కాప్టాన్లు రెండేసి జతకట్టి డైమిథైల్ డైసల్ఫైడ్ అవుతాయి. క్యాబేజీ కంపు వీటిది. పొగ వాసన గ్వాయకాల్‌ది. అది లిగ్నిన్ గొలుసులోంచే ఊడిన ముక్క.

ఇక అసలు సంగతి. విశాఖలో చేపలు కడగడం ఎవరికీ నేర్పక్కర్లేదు. హార్బర్ నుంచి తెచ్చిన చేపని చింతపండు నీళ్లతోనో నిమ్మరసంతోనో రుద్దితే నీచు పోతుంది. నీచుకి కారణమైన ట్రైమిథైలమీన్ క్షారం. పులుపు తగిలితే అది లవణంగా మారి నీళ్లలోనే ఉండిపోతుంది, గాలిలోకి లేవదు. లిగ్నిన్ దగ్గర ఈ లెక్క తిరగబడుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్, మెర్‌కాప్టాన్, గ్వాయకాల్ మూడూ బలహీనమైన ఆమ్లాలు. క్షారం తగిలితే అణిగి ఉంటాయి, పులుపు తగిలితే లేస్తాయి.

అందుకే చాలామంది ఇక్కడే పొరబడతారు. నిమ్మఉప్పు వేయగానే కంపు గుప్పుమంటుంది. భయపడి వంటసోడా కలుపుతారు, కంపు అణుగుతుంది, పని అయిపోయిందనుకుంటారు. కానీ వాసన పొడిలోనే ఉంది. ఆ పొడితో పెట్టె చేసినా పలక చేసినా, గాలిలోని బొగ్గుపులుసు వాయువు, మన సముద్రపు తేమ కలిసి కొన్నాళ్లకి దాన్ని మళ్లీ లేపుతాయి. కడిగేటప్పుడు మీ ముక్కుకి తగిలిన కంపు పొడిని వదిలిపోతున్న కంపు. దాన్ని పోనివ్వండి.

పోనివ్వాలంటే చోటు కావాలి. ఇది డాబా మీద, గాలి ఆడే చోట చేయాల్సిన పని. బాత్‌రూమ్‌లో వద్దు. కడిగి ఆరబెట్టి అమ్మిన పొడి 50 గ్రాములు చాలు. గుజ్జు తీశాక మిగిలే బ్లాక్ లిక్కర్‌లో ఆమ్లం పోసే ప్రయోగం మాత్రం ఇంటి దగ్గర ఎన్నడూ చేయకండి. దాంట్లోంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ గాలికన్నా బరువు, కిందే పేరుకుంటుంది. పది లక్షల భాగాల గాలిలో వంద భాగాలకి చేరితే ముక్కే మొద్దుబారుతుంది. వాసన లేదు కదా అనుకునేసరికి ప్రాణం మీదికి వస్తుంది.

ఇరుగుపొరుగుకి ముందే చెప్పండి. నేను మొదటిసారి మహారాణిపేటలో మా డాబా మీద కడిగిన రోజు కింది వాటా పిన్నిగారు గ్యాస్ లీకయిందని రెగ్యులేటర్ కట్టేసి, పిల్లల్ని తీసుకుని వీధిలోకి వచ్చేశారు. వంటగ్యాస్‌కి వాసన కోసం కలిపే ఇథైల్ మెర్‌కాప్టాన్ మన మిథైల్ మెర్‌కాప్టాన్‌కి దగ్గరి చుట్టం. ఆవిడ ముక్కు తప్పు చెప్పలేదు. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ ఆవిరి ఆర్.ఆర్. వెంకటాపురాన్ని కమ్మేసిన తర్వాత ఈ ఊళ్లో తెలియని వాసన అంటే జనం ఎంత భయపడతారో నాకు ముందే తట్టి ఉండాల్సింది. ఆ రోజు ఆవిడకి క్షమాపణ చెప్పుకున్నాను. అప్పటి నుంచి చెప్పకుండా మొదలుపెట్టింది లేదు.

ఇప్పుడు కడుగు. అర లీటరు నీళ్లలో చిన్న చెంచా సగం నిమ్మఉప్పు కరిగించి, 60 డిగ్రీలకి వేడి చేసి, పొడి వేసి అరగంట కలపండి. పులుపు ఎంతో చూపే పీహెచ్ పట్టీ ముంచితే 2.5 ప్రాంతంలో ఉండాలి (అంకె తగ్గేకొద్దీ పులుపెక్కువ). ఎక్కువ చూపిస్తే పొడిలోని సోడా పులుపుని తినేసిందని అర్థం, ఇంకో చిటికెడు వేయండి. నూలుగుడ్డలో వడకట్టి, అదే పుల్లని నీళ్లతో ఇంకో రెండుసార్లు కడగండి. మామూలు నీళ్లు చివర ఒక్కసారే.

మామూలు నీళ్లతో మొదలుపెడితే ఏమవుతుందో నేను చూశాను. సోడా ఇంకా ఉండగా లవణాలు మాత్రం కడుక్కుపోతే లిగ్నిన్ మళ్లీ కరగబోయి బురదలా ఉబ్బుతుంది. గుడ్డ కంతలు మూసుకుపోయి పొద్దున పోసిన నీళ్లు సాయంత్రానికి కూడా దిగలేదు. స్వీడన్‌లో పుట్టిన లిగ్నోబూస్ట్ పద్ధతి కిటుకు ఇక్కడే ఉంది. ముందు బొగ్గుపులుసు వాయువుతో లిగ్నిన్‌ని విరిచి వడకడతారు. ఆ ముద్దని నేరుగా కడగకుండా మళ్లీ పుల్లని నీళ్లలో కలిపి, రెండోసారి వడకట్టి, అప్పుడు కడుగుతారు.

కడుగుతో సోడా, లవణాలు, గ్వాయకాల్‌లో కొంత పోతాయి. డైసల్ఫైడ్ మాత్రం నీళ్లకి లొంగదు, దానికి ఆవిరి పెట్టాలి. పాత్ర మూతికి గుడ్డతో వాసెన కట్టి, కుడుములకి పిండి వేసినట్టు తడి ముద్దని పల్చగా పరవండి. మూత పెట్టొద్దు. మూతకి పట్టిన చెమట బొట్లు బొట్లుగా పడి, లేచిన వాసనని తిరిగి ముద్దలోకే దింపుతుంది. పావుగంటకోసారి తిరగేస్తూ గంటసేపు ఉంచండి. గ్వాయకాల్ మరిగేది 205 డిగ్రీల దగ్గర, అయినా నీటి ఆవిరితో పాటు 100 దగ్గరే బయల్దేరుతుంది. నిమ్మగడ్డి నూనె తీసేదీ ఇలాగే. ఈ పాత్ర మళ్లీ వంటింట్లోకి వెళ్లకూడదు.

త్వరగా అవుతుందని పెనం మీద వేయించకండి. 150 దాటితే మెత్తబడి ముద్ద కడుతుంది, ఇంకా వేడెక్కితే గొలుసు తెగి కొత్త గ్వాయకాల్ పుడుతుంది. ఆరబెట్టేది నడి మధ్యాహ్నం ఎండలో. చల్లబడి సముద్రపు తేమ పట్టకముందే లోపలికి తెచ్చేయండి.

అనకాపల్లి వైపు చెరకు పిప్పి దొరుకుతుంది కదా, దాంతో చేస్తే సరిపోదా అని అనిపించవచ్చు. సల్ఫైడ్ లేకుండా ఒట్టి సోడాతో తీసిన పిప్పి లిగ్నిన్‌లో క్యాబేజీ కంపు నిజంగానే ఉండదు. కానీ గడ్డిజాతి లిగ్నిన్ వేడెక్కితే వినైల్ ఫినాల్, వినైల్ గ్వాయకాల్ వస్తాయి. వాటి ఘాటు వేరు. దానికి విడిగా ఒక పాఠం పెడతాను.

ఇక పరీక్ష. కారు లోపలి భాగాల వాసన చూడడానికి జర్మన్ కార్ల తయారీదారుల సంఘానికి వీడీఏ 270 అనే పద్ధతి ఉంది. 1 అంటే వాసనే తెలియదు, 6 అంటే భరించలేం. దాన్నే మన ఇంటికి దించుకుందాం. కడగని పొడి ఒక సీసాలో, కడిగి ఆవిరి పట్టింది ఇంకో సీసాలో వేసి, మూత బిగించి 80 డిగ్రీల నీళ్లలో రెండు గంటలు ఉంచండి. కాస్త చల్లారాక ముగ్గురు వాసన చూసి ఎవరి అంకె వాళ్లు రాయాలి. ఆ ముగ్గురిలో మీరు ఉండొద్దు, పొద్దుటి నుంచి దాని పక్కనే ఉన్న మీ ముక్కు అలవాటుపడిపోయి ఉంటుంది. ఊరగాయ పెట్టిన సీసాలూ పనికిరావు.

మొదట్లో పక్కన పెట్టుకోమన్న కాగితంతో పోల్చి చూడండి. క్యాబేజీ బాగా తగ్గాలి. పొగ కొంచెమే తగ్గుతుంది, కంగారు పడకండి. క్రాఫ్ట్ లిగ్నిన్ బరువులో నూటికి 1 నుంచి 3 వంతుల గంధకం ఉంటుంది. అందులో గొలుసుకే అతుక్కున్న భాగం ఎంత కడిగినా రాదు. వచ్చే పాఠంలో హైడ్రోజన్ పెరాక్సైడ్ పట్టుకుందాం. అది సగం పని చేసి ఆగితే మెర్‌కాప్టాన్ పోయి డైసల్ఫైడ్ మిగులుతుంది. ఎంత పోయాలి, ఏ పీహెచ్‌లో పోయాలి అన్నదే ఆ పాఠమంతా.

దానికోసం ఇవాళ్టి పొడిలో 20 గ్రాములు దాచండి. గాజు సీసాలోనే సుమా, ప్లాస్టిక్ డబ్బా వాసన పీల్చుకుని లెక్క తప్పిస్తుంది. మూత మీద తేదీ, ముగ్గురూ ఇచ్చిన అంకెలు రాసి పెట్టుకోండి.