ఒకే మోడల్‌ను ల్యాప్‌టాప్‌లోనూ, రాస్‌బెర్రీ పైలోనూ నడపడం ఎలా?

బెంగళూరు ఎస్పీ రోడ్డులో రాస్‌బెర్రీ పై 4 అనే అరచేతి సైజు కంప్యూటర్ కొని, మారతహళ్లి గదిలో ల్యాప్‌టాప్ పక్కన పెట్టుకున్నాను. ఫొటోలో ఏముందో గుర్తుపట్టే, పైటార్చ్ అనే ఏఐ లైబ్రరీతో చేసిన మోడల్ ఒకటి రెండింటిలోనూ నడవాలి. ఒక్కో చిప్‌కి విడిగా కోడ్ రాసే బాధ లేకుండా మోడల్‌ను చిప్‌కి అర్థమయ్యే కోడ్‌గా మార్చే కంపైలర్ ఆ పని చేసిపెడుతుంది. అలాంటి కంపైలర్లలో అపాచీ టీవీఎం (TVM), ఈరీ (IREE) రెండూ ఓపెన్ సోర్సే. నేను వాడేది ఎంఎల్ఐఆర్ (MLIR) అనే కంపైలర్ చట్రం పునాది మీద కట్టిన ఈరీ.

ముందుగా మోడల్‌ను ఎవల్ మోడ్‌లో, అంటే శిక్షణ కాకుండా జవాబు చెప్పే స్థితిలో, పెట్టండి. లేదంటే శిక్షణప్పుడు కొన్ని విలువల్ని లాటరీలా సున్నా చేసే డ్రాపౌట్ వల్ల నడిపిన ప్రతిసారీ జవాబు మారుతుంది. ఒక ఫొటో ఇచ్చి, ఇన్‌పుట్‌నూ పైటార్చ్ ఇచ్చిన అంకెలనూ నంపై (పైథాన్‌లో అంకెల పట్టికల లైబ్రరీ) ఫైళ్లలో దాచుకోండి. దీన్ని మాత్రం వదిలేయకండి. తర్వాత ఇన్‌పుట్ సైజు 1×3×224×224 (ఒక ఫొటో, మూడు రంగులు, 224×224 పిక్సెళ్లు) అని ఖాయం చేసి ఓఎన్ఎన్ఎక్స్ (ONNX) అనే ఉమ్మడి మోడల్ ఫార్మాట్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేయండి.

ల్యాప్‌టాప్‌లో పైథాన్ ప్యాకేజీలు వేసే పిప్‌తో ఈరీ కంపైలర్, కంపైల్ చేసిన ఫైలును నడిపే రన్‌టైమ్ రెండూ వేసుకోండి. రాస్‌బెర్రీ పైలో రన్‌టైమ్ చాలు, కాకపోతే 64 బిట్ ఓఎస్ ఉండాలి.

ఇక అసలు పని. ఓఎన్ఎన్ఎక్స్ ఫైలును ఈరీ ఇంపోర్టర్‌తో ఎంఎల్ఐఆర్‌గా మార్చి, దాన్ని రెండుసార్లు కంపైల్ చేయాలి: ఒకటి ల్యాప్‌టాప్‌కి, ఒకటి రాస్‌బెర్రీ పైకి. రెండోసారి టార్గెట్ (కోడ్ నడవాల్సిన మెషీన్) 64 బిట్ ఆర్మ్ లినక్స్ అనీ, సీపీయూ పై 4లో ఉండే కార్టెక్స్ ఏ72 అనీ స్పష్టంగా రాయండి. మొదటిసారి నేను రాయలేదు. చెప్పకపోతే కంపైలర్ తాను నడుస్తున్న మెషీన్‌కే కోడ్ తయారుచేస్తుంది. ఆ ఫైలు పైలో లోడ్ కాలేదు. మోడలే పాడైందన్న టెన్షన్‌తో రాత్రంతా ఎక్స్‌పోర్ట్ చేస్తూ కూర్చున్నాను. ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ చిప్ మీద నడపాలంటే అదే ఎంఎల్ఐఆర్ ఫైలుకి టార్గెట్‌గా వల్కన్ (గ్రాఫిక్స్ చిప్‌లతో పని చేయించే ప్రమాణం) బ్యాకెండ్ ఇవ్వండి.

పైలో నడిచింది కదా అని అక్కడితో ఆగకండి. దాచుకున్న ఇన్‌పుట్టే ఇచ్చి, వచ్చిన అంకెల్ని పైటార్చ్ అంకెలతో పోల్చండి. కూడికల వరుస మారుతుంది కాబట్టి చివరి దశాంశ స్థానాల్లో కాస్త తేడా మామూలే. కానీ మొదటి స్థానంలో ఉన్న లేబులే మారిపోయిందంటే ముందు ఫొటో ప్రీప్రాసెసింగ్, అంటే మోడల్‌కి ఇచ్చే ముందు ఫొటోను అంకెలుగా సిద్ధం చేసే పని, చూడండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల వరుస (ఆర్‌జీబీ బదులు బీజీఆర్‌గా) తారుమారైనా అంకెలు మామూలుగానే కనిపిస్తాయి, జవాబు మాత్రం తప్పుతుంది.

వేగం కొలవడం ఆ తర్వాతే. మొదటి కొన్ని రన్‌లు లెక్కలోకి తీసుకోకండి. పై 4 చిప్ 80 డిగ్రీలకు చేరితే తన వేగం తానే తగ్గించుకుంటుంది, అందుకే చిన్న ఫ్యాన్ బిగించాకే టైము రాసుకోండి.