మామిడి లారీ పక్కన బండి నడిపేటప్పుడు
మామిడి సీజన్‌లో విజయవాడ నుంచి నున్న ఊరి మామిడి మార్కెట్ వైపు బండి మీద వెళ్లేవాళ్లు ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. లారీ సైడ్ అద్దంలో డ్రైవర్ ముఖం మీకు కనపడకపోతే, మీరూ అతనికి కనపడనట్టే. ముఖ్యంగా ఎడమ పక్క జాగ్రత్త. డ్రైవర్ కూర్చునేది కుడివైపు కాబట్టి, ఎడమ తలుపు కిందకు వచ్చిన స్కూటీ అతని చూపుకు అందదు. పైగా లారీ ఎడమకు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, ఇంకా లోపలికి కోసుకుంటూ వస్తాయి. మలుపులో ఖాళీ ఉంది కదా అని దయచేసి దూరకండి. ఆ ఖాళీ చూస్తుండగానే మూసుకుపోతుంది.

లోడు బండి బ్రేక్ వేసిన చోట ఆగదు. దాన్ని దాటిన వెంటనే ముందుకొచ్చి స్లో చేయొద్దు.

లారీ అన్నలూ, మీకూ ఒక మాట. కుదుపులకు కాయ సర్దుకుని లోడు కిందికి దిగుతుంది, తాళ్లు వదులవుతాయి. బయల్దేరిన కాసేపటికే పక్కకు ఆపి ఒక్కో తాడూ లాగి చూడండి. లోడు మీద కప్పిన పట్టా అంచు వెనక లైట్ల మీద, రిఫ్లెక్టర్ల మీద వేలాడుతుంటే మడిచి కట్టండి. రాత్రిపూట హైవే మీద వెనక వచ్చేవాళ్లకు మీ లారీ ఉందని తెలిసేది వాటితోనే.