నెట్‌వర్క్ రద్దీ లెక్కలు – 3వ పాఠం: లింకుకు ధర కడదాం

పోయిన పాఠంలో ఒకే లింకును సమానంగా పంచాం. ఈసారి రెండు లింకులు వరుసగా ఉన్నాయి. ఒక్కొక్కటి సెకనుకు 6 మెగాబిట్లు మోస్తుంది. 'క' అనే ఫ్లో (ఒకచోటి నుంచి మరోచోటికి సాగే డేటా ప్రవాహం) రెండు లింకుల మీదుగా వెళ్తుంది. 'గ' మొదటిదాని మీద, 'చ' రెండోదాని మీద మాత్రమే. బొమ్మ వేసుకోండి. అది లేకుండా ముందుకెళ్లొద్దు.

ఎవరికెంత ఇవ్వాలి? తలా 3 ఇస్తే మొత్తం 9. 'క'ను ఆపేసి మిగతా రెంటికీ 6 చొప్పున ఇస్తే 12. మొత్తం పెరిగింది గానీ, ఒకరి నోరు కొట్టి ఇద్దరికి పెట్టినట్టయింది.

1998లో కెల్లీ, మౌలూ, టాన్ అనే పరిశోధకులు చూపిన పద్ధతిలో వాటాల లాగరిథంల మొత్తం గరిష్ఠం కావాలి. లాగ్ అనగానే టెన్షన్ పడకండి, ఇక్కడ వాటాలను గుణించి పోల్చితే చాలు. 3, 3, 3 లబ్ధం 27. 0, 6, 6 అయితే సున్నా. 1, 5, 5 అయితే 25. 2, 4, 4 అయితే 32, అంతకు మించి రాదు. 'క' రెండు లింకులు వాడుతోంది కాబట్టి తక్కువ తీసుకుంటోంది, అయినా పస్తు ఉండట్లేదు. నాకు ఇదే న్యాయమనిపిస్తుంది.

కానీ పెద్ద నెట్‌వర్క్‌లో అందరి వాటాలూ ఒకచోట కూర్చుని తేల్చేవాళ్లుండరు. అందుకే ప్రతి లింకుకూ ఒక ధర పెడతాం. ఇది డబ్బు కాదు, రద్దీకి గుర్తు. ఫ్లో తన దారిలోని ధరలన్నీ కూడి, 1ని ఆ మొత్తంతో భాగించి, వచ్చినంతే పంపుతుంది. లింకేమో తాకిడి ఎక్కువైతే ధర పెంచుతుంది, ఖాళీ మిగిలితే తగ్గిస్తుంది.

చేసి చూద్దాం. రెండు లింకుల ధరా 1/2 అనుకోండి. 'గ'కు 2, 'క'కు 1 వస్తాయి. లింకు సగం ఖాళీ. ధర 1/6కి దించితే 6, 3 అయి మొత్తం 9కి చేరింది, లింకు పట్టదు. 1/4 పెడితే 4, 2. సరిగ్గా 6! ఏ ఫ్లో మరో ఫ్లోను అడగకుండానే అదే జవాబు వచ్చింది. ఇది మొదటిసారి కుదిరినప్పుడు చాలాసేపు ఆ కాగితాన్నే చూస్తూ కూర్చున్నాను.

ఇంటర్నెట్‌లో చాలావరకు ఈ ధర, ప్యాకెట్లు (పంపే డేటా ముక్కలు) దారిలో గల్లంతవడం రూపంలో తెలుస్తుంది. పంపేవాళ్లు దాన్ని లెక్కచేయకపోతే ఏమవుతుందో 1986 అక్టోబరులో బయటపడింది. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కూ, 400 గజాల దూరంలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయానికీ మధ్య వేగం సెకనుకు 32 కిలోబిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది.

అభ్యాసం: లింకులు మూడు, ఒక్కోదాని సామర్థ్యం 8. ఒక పొడవాటి ఫ్లో, ప్రతి లింకు మీదా ఒక పొట్టి ఫ్లో. మూడింటి ధరా 1/2తో మొదలుపెట్టండి. పొడవాటి ఫ్లో 2 దగ్గర నిలవాలి. నిలవకపోతే, దానికి మూడు లింకుల ధరలూ కూడారో లేదో చూసుకోండి.