పాత ఇల్లు పడగొట్టకముందే చదవండి: ఏటి ఒడ్డున కట్టుకునేవారికి జాగ్రత్తలు

సంక్రాంతి వెళ్లగానే కోనసీమలో ఇటుక లారీలు తిరగడం మొదలవుతుంది. ఆషాఢం లోపు స్లాబు పడాలని, గోదావరికి ఎర్రనీరు వచ్చేసరికి గోడలు లేచి ఉండాలని అందరికీ తొందర. ఆ తొందరలోనే పోయిన ఏడాది మా పక్క ఊళ్లో ఒక కుటుంబం ఏటి పాయకు దగ్గరలో ఉన్న తాతల నాటి పెంకుటిల్లును మాఘమాసపు ముహూర్తానికి పడగొట్టింది. పెంకులు అమ్మేశారు. దూలాలు బంధువుల పశువుల పాకకు వెళ్లాయి. నేల చదును చేసి, శంకుస్థాపన చేసి, ఆ తర్వాత అనుమతికి వెళ్లారు. "పాత ఇల్లు ఉండేదంటున్నారు, ఎన్ని అడుగులు ఉండేది, ఎవరు కొలిచారు?" అని అక్కడ అడిగారు. చూపించడానికి ఏమీ మిగలలేదు. ఇప్పుడు ఆ స్థలంలో నాలుగు గుంటలు, తుప్పు పట్టిన ఊచలు ఉన్నాయి. మనుషులు అద్దె ఇంట్లో ఉన్నారు.

వరద వస్తే మెరకకు చేరాలని, తుఫాను ముందు పైకప్పు బిగించుకోవాలని ఈ ఊళ్లకు ఒకరు చెప్పనవసరం లేదు. 1986 వరదనూ 1996 తుఫానునూ చూసినవారు ఇంకా అరుగుల మీదే కూర్చుని ఉన్నారు. నేను చెప్పేది కాగితాల గురించి.

దూరం ఎక్కడి నుంచి కొలవాలి

చాలామంది నీటి అంచున టేపు పెడతారు. పాటు వేళ కొలిస్తే ఎంత దూరమైనా వస్తుంది. లెక్కలోకి వచ్చేది గరిష్ఠ పోటు రేఖ, అంటే పున్నమి అమావాస్యల పెద్ద పోటులో నీరు నేల మీదకు ఎక్కే హద్దు. ఆ గీత మనం గీసుకునేది కాదు, తీర మండల పటంలో ఉంటుంది.

సముద్రం కనిపించదు కాబట్టి సీఆర్‌జెడ్ (తీర నియంత్రణ మండలం, అంటే తీరాన, పోటు తగిలే పాయల ఒడ్డున కట్టడాలను అదుపు చేసే కేంద్ర నిబంధనలు) మనకు రాదనుకోకండి. ఎండాకాలంలో నీటిలో ఉప్పు వెయ్యింటికి అయిదు పాళ్లు ఉన్నంత దూరం పోటు ప్రభావం ఉన్నట్టే లెక్క. ధవళేశ్వరం గేట్లు మూసి ఉన్న రోజుల్లో గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయల్లో ఉప్పు ఎంత పైకి ఎగబాకుతుందో ఒడ్డున బోరు వేసినవారిని అడగండి.

2011 సీఆర్‌జెడ్ నోటిఫికేషన్‌లో అలాంటి పాయ ఒడ్డున 100 మీటర్లు లేదా పాయ వెడల్పు, రెండింటిలో ఏది తక్కువైతే అది వదలాలి. 2019 నోటిఫికేషన్ ఆ వందను 50 చేసింది. తగ్గిందని మురిసిపోకండి. కొత్త నిబంధనల ప్రకారం సవరించిన పటానికి ఆమోదం వచ్చేదాకా పాతవే నడుస్తాయని అందులోనే రాసి ఉంది. అందుకే ఆఫీసులో అడగవలసిన మొదటి ప్రశ్న "మా సర్వే నంబరుకు ఏ పటం అమలులో ఉంది?" అన్నది. పోటు తగలని కాలువలకు లెక్క వేరు. 2017 ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నియమాల్లో పది మీటర్ల కంటే వెడల్పైన కాలువకు, డ్రెయినుకు 9 మీటర్లు, అంతకు లోపు అయితే 2 మీటర్లు.

డెల్టాలో నిజంగా అక్కరకు వచ్చే వెసులుబాటు ఒకటుంది. 1991 ఫిబ్రవరి 19కి ముందే గట్టో తూమో కట్టి ఉంటే పోటు రేఖ అక్కడికే ఆగినట్టు. మీ ఇల్లు పాత ఏటిగట్టుకు ఊరి వైపు ఉంటే ఈ తేదీ మీకు చాలా విలువైనది. గట్టు దాటి లంక వైపు ఉంటే దీని జోలికి వెళ్లకండి. రొయ్యల చెరువుకు మొన్న పోసిన గట్టును చూపించి ఇదే మా హద్దు అని వాదించినవారిని చూశాను. ఆ గట్టు వయసు అందులో పని చేసిన కూలీలకే తెలుసు.

మినహాయింపు దేనికి

నిర్మాణ నిషేధ మండలంలో, అంటే కట్టకుండా వదలమన్న ఆ మేర స్థలంలో, కొత్త ఇల్లు లేదు. అనుమతితో కట్టి ఉన్న పాత ఇంటికి మరమ్మతు చేయవచ్చు, తిరిగి కట్టుకోవచ్చు. షరతు ఏమిటంటే పునాది వైశాల్యం, మొత్తం నిర్మాణ పరిమాణం పాతదానిని మించకూడదు. మళ్లీ చదవండి: పాతదానిని మించకూడదు. పాతది నేలమట్టమైతే దేనిని మించకూడదో చెప్పేది ఎవరు? అందుకే పాత ఇల్లు పడగొట్టకండి. ఆ మినహాయింపుకు బతికి ఉన్న సాక్షి ఆ గోడలే.

ఇంటి పన్ను రసీదు ఇల్లు ఉందని చెబుతుంది, అనుమతి ఉందని చెప్పదు. కరెంటు మీటరు కూడా అంతే.

2019 నోటిఫికేషన్‌లో 300 చదరపు మీటర్ల లోపు సొంత ఇంటికి స్థానిక సంస్థే అనుమతి ఇవ్వవచ్చని ఉంది. దీనిని "చిన్న ఇంటికి సీఆర్‌జెడ్ లేదు" అని ఊరంతా చెప్పుకుంటున్నారు. తప్పు. రాష్ట్ర స్థాయి తీర మండల సంస్థకు ఫైలు వెళ్లనవసరం లేదు, అంతే. నిబంధనలన్నీ అలాగే ఉంటాయి, వాటిని చూసే బాధ్యత స్థానిక సంస్థది. అది సరిగా చూడకపోతే నష్టపోయేది మీరు. కేరళలోని మరడులో నాలుగు బహుళ అంతస్తుల భవన సముదాయాలకు స్థానిక పంచాయతీ అనుమతులు ఉన్నాయి. సుప్రీంకోర్టు ఆదేశంతో 2020 జనవరి 11, 12 తేదీల్లో అవి పేలుడు పదార్థాలతో కూలిపోయాయి.

మత్స్యకారులకు, తరతరాల తీరవాసులకు ఇచ్చిన సడలింపు వారి జీవనం కోసం ఇచ్చింది. వారి దగ్గర స్థలం కొన్న నగరవాసికి అది దస్తావేజుతో పాటు రాదు. అమ్మేవారు ఎంత మంచివారైనా రాదు.

ఇక మిగిలినవి వరుసగా చెప్పేస్తాను.

పాత ఇంటిని నాలుగు వైపులా, లోపలా ఫొటోలు తీయండి, తేదీ కనిపించాలి. లైసెన్సున్న సర్వేయరుతో కొలిపించి సంతకం తీసుకోండి. పాత దస్తావేజులో కొలతలు, హద్దులు ఉన్న పుటకు నకలు తీయండి.

అధికారి వచ్చి చూసి రాసుకునేదాకా ఒక్క పెంకు కూడా దించకండి.

"ముందు కానివ్వండి, తర్వాత చూసుకుందాం" అనే మేస్త్రీని మార్చండి.

వరండా కలిపి కట్టకండి. మరుగుదొడ్డి పక్కకు జరపకండి. అది కూడా పునాదే.

పర్యాటకులకు గదులు ఇవ్వాలనుకుంటే ఉన్న ఇంట్లోనే ఇవ్వండి. 2019 నిబంధన ఇంటి ముఖం, పునాది మారకుండా ఉంటేనే ఒప్పుకుంటుంది.

ఇసుక దిబ్బ చదును చేయకండి.

మడ చెట్టు కొట్టకండి. చచ్చిపోయిందన్నా కొట్టకండి.

మురుగు గొట్టం పాయలోకి పెట్టకండి.

ముహూర్తం దాటిపోతుందని పడగొట్టకండి. ఇంకో ముహూర్తం ఉంటుంది.

పంచాయతీలో నోటిమాటగా సరే అన్నారని పడగొట్టకండి. పక్కింటివారు పడగొట్టి కట్టుకున్నారని పడగొట్టకండి. వారి పటంలో గీత ఎక్కడుందో మీకు తెలియదు.

ఒడ్డు ఏటా కోసుకుపోతున్న చోట, అనుమతి వచ్చినా కట్టకండి.

అనుమతి కాగితానికి రెండు నకళ్లు తీసి ఒకటి మెరక ఊళ్లో ఉన్న బంధువుల ఇంట్లో పెట్టండి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి 17.75 అడుగుల మూడో హెచ్చరిక దాటినప్పుడు మా బంధువుల ఇంట్లో ట్రంకుపెట్టె తడిసిపోయింది. దస్తావేజులను డాబా మీద ఇటుక ముక్కలు పెట్టి ఆరబెట్టుకున్నారు, సిరా సగం ఊడిపోయింది.