తొలకరిలో ఊరి మేతబీడును కాపాడుకోవడం ఎట్లా

మా పక్క జూన్‌లో రెండు మూడు మంచి వానలు పడితే చేన్లలో చెనిక్కాయ (వేరుశనగ) విత్తుతారు. విత్తిన చేనిలోకి జీవాలను ఎవరూ రానియ్యరు. అంతదాకా చేన్ల మీద, గెనాల (గట్ల) మీద తిరిగిన గొర్రెలు, మేకలు, గొడ్లు అన్నీ ఒక్కసారిగా ఊరి మేతబీడు మీద పడతాయి. బీడులో కసువు (గడ్డి) అప్పుడే మొలకెత్తి ఉంటుంది. జానెడు కూడా లేవకముందే కొరికేస్తే వేరు బలపడదు, వెన్ను (కంకి) తియ్యదు, విత్తనం రాలదు. రెండు మూడేండ్లు ఇట్లాగే జరిగితే ఆ జాగాలో తంగేడు, వెంపలి లేస్తాయి. తంగేడును జీవాలు ముట్టవు, వెంపలిని దాదాపు ముట్టవు. వానలు తగ్గినందుకే కసువు పోయిందని ఊర్లో అంటారు. నిరుడు వాన బాగా పడిన బీడు కూడా బోడిగానే ఉంది కదా! బీడు చెడేది తొలకరి తర్వాత నెలన్నర రోజుల్లో. నేను రాయలసీమలో తంబళ్లపల్లె పక్క గొర్రెలు మేపేవాణ్ణి, మా ఊరి మేత కమిటీ పుస్తకం రాసేవాణ్ణి. ఆ నెలన్నరను ఎట్లా దాటించాలో నాకు తెలిసినంత రాస్తున్నాను.

చాలా ఊర్లలో మొదట కంచె వేస్తారు, బోర్డు నాటుతారు. కొన్నాళ్లకే కంచె తెగుతుంది. తెంపినవాడికి ఇరవై మేకలు తప్ప వేరే ఆధారం ఉండదు, ఆ పొద్దు వాటిని తోలుకుపోవడానికి ఇంకో జాగా ఉండదు. కాబట్టి కంచె సంగతి తర్వాత. బీడు మూసిన రోజుల్లో ఎవరి జీవాలు ఎక్కడ మేయాలో ముందు తేల్చండి. ఈ మాట మేలోనే జరగాలి, అదీ రాత్రి ఎనిమిది దాటినాక. పొద్దున పదకొండుకు పంచాయతీ ఆఫీసులో కూర్చుంటే అక్కడికి ఒక్క గొర్రెల కాపరీ రాడు, వచ్చేవాళ్లంతా భూములున్నవాళ్లే. కసువు కోసే ఆడవాళ్లను తప్పక పిలవండి. ఏ వాలులో ఏ కసువు ఎప్పుడు వెన్ను తీస్తుందో వాళ్లకు తెలిసినంత మాకు తెలియదు.

ఆ రాత్రి ఇంటింటి లెక్క రాయాలి: ఎన్ని గొర్రెలు, ఎన్ని మేకలు, ఎన్ని గొడ్లు, ఎవరి దగ్గర చెనిక్కట్టె (కాయలు తీసిన వేరుశనగ మేత), రాగిగడ్డి మిగిలి ఉంది, ఎవరికి బోరు ఉంది. సీమావులున్న (సంకరజాతి పాడి ఆవులున్న) ఇండ్లలో బోరు కింద సూపర్ నేపియర్ అనే మేతగడ్డి ఉంటుంది. ఆ నెలన్నర వాళ్లు ఆవులను కొట్టంలోనే కట్టేసి మేపుకోగలరు. మేకలవాడికి ఆ దారి లేదు. అందరికీ ఒకటే కట్టుబాటు అంటే వినడానికి న్యాయంగా ఉంటుంది గానీ, దాని బరువంతా మేకలవాడి మీద పడుతుంది. దారి ఉన్నవాళ్లు ముందు తప్పుకోవాలి. మా ఊర్లో ఎక్కువ వాదం జరిగింది దీని మీదే. ఎంత వాదమైనా ఆ రాత్రే తెంచుకోవడం మేలు.

తర్వాత బీడును మూడు ముక్కలు చెయ్యండి. రాళ్లు నాటే పని లేదు, వంక, బండిదారి, పెద్దబండ లాంటి గుర్తులు చాలు. ఒక ముక్క మొదటి వాన నుంచే తెరిచి ఉంటుంది. రెండోది నెలన్నర మూసి, కసువు మోకాలి దగ్గరికి వచ్చినాక తెరవాలి. మూడోదాంట్లోకి విత్తనం రాలేదాకా, అంటే చెనిక్కాయ పెరికే రోజులదాకా, జీవాలు పోకూడదు. కోసుకుపోవచ్చు, ఇంటికొక కొడవలి, రోజుకు ఒక మోపు. మొదటి ముక్క ఆ ఏడాది నలిగిపోతుంది. అందుకే మరుసటేడు దాన్ని పూర్తిగా మూసి, వరస మార్చాలి. చెనిక్కాయ పెరికినాక చేన్లు ఖాళీ అవుతాయి, రైతులే పిలిచి మందలు కట్టించుకుంటారు, బీడుకు ఊపిరి దొరుకుతుంది.

మూయడానికి ఒప్పుకోని కాపరులకు చిటుకరోగం సంగతి గుర్తు చెయ్యండి. తొలకరి లేతకసువు కడుపునిండా మేసిన బలిసిన గొర్రెపిల్లలే రాత్రికి రాత్రి పోతాయి. మేలోనే టీకా వేయించి, మొదటి వారాలు పొద్దున కాస్త ఎండుమేత వేసి తోలితే ఈ నష్టం చాలా తగ్గుతుంది.

బీడు ఎన్ని జీవాలను మోస్తుందో నోటిమాటగా చెప్పకండి, తూచండి. నాలుగు కట్టెలతో మీటరు పొడవు, మీటరు వెడల్పు చట్రం కట్టండి. అక్టోబరులో మూసిన ముక్కలో మంచిచోట, చెడ్డచోట కలిపి పది జాగాల్లో చట్రం వేసి, లోపలి కసువు కోసి, బాగా ఎండబెట్టి తూచండి. సగటున 100 గ్రాములు వచ్చిందనుకుందాం. ఎకరాకు 400 కిలోల ఎండుకసువు. సగం నేలకు వదిలిపెట్టాలి, మేతకు మిగిలేది 200 కిలోలు. 25 కిలోల గొర్రె రోజుకు ముప్పావు కిలో ఎండుమేత తింటుంది. అంటే ఎకరా బీడు ఒక్క గొర్రెకు దాదాపు తొమ్మిది నెలలు. 150 ఎకరాల బీడు, ఊర్లో వెయ్యి జీవాలు ఉంటే నలభై రోజులకే సరి! గొడ్లుంటే ఇంకా తక్కువ, ఒక నాటావు రోజుకు ఆరు కిలోల పైనే తింటుంది. ఈ లెక్క రచ్చబండ మీద చదివితే ఊరు నిశ్శబ్దంగా వింటుంది. ఆ నలభై రోజులు ఎప్పుడు వాడుకోవాలో అప్పుడు అడగండి, జవాబు వాళ్లే చెప్తారు.

కావలి మనిషిని ఊరే పెట్టుకోవాలి. జీతం జీవానికి ఇంత అని వసూలు చెయ్యండి, వంద గొర్రెలవాడు ఎక్కువ ఇస్తాడు, రెండు మేకలున్న ముసలమ్మ దగ్గర తీసుకోకపోయినా కొదవ రాదు. బీడులో చింతచెట్లు, సీతాఫలం ఉంటే పంచాయతీ వేసే వేలం డబ్బులో కొంత కావలికి ఇవ్వాలని తీర్మానం రాయించుకోండి. తప్పు (జరిమానా) కూడా తలకు ఇంత అని ఉండాలి. మొదటిసారి మాట, రెండోసారి తప్పు, మూడోసారి బందెలదొడ్డి. 1871 నాటి పశువుల చొరబాటు చట్టం కిందనే ఈ దొడ్లు నడిచేవి. మీ పంచాయతీలో దొడ్డి పాడుబడి ఉంటే బాగు చేయించండి. సర్పంచి తమ్ముడి మంద దొరికిన రోజు తప్పు కట్టించుకోలేకపోతే ఆ ఏటికి కట్టుబాటు అయిపోయినట్టే.

వలసమందలు వస్తాయి, వాటికి తలుపు వెయ్యకండి. మన గొర్రెలూ కరువేట ఇంకో ఊరి బీడు తొక్కుతాయి. ఏ దారిన పోవాలో, నీళ్లు ఎక్కడో, ఎన్ని రాత్రులు ఉండొచ్చో ముందే చెప్తే వాళ్లు మాట తప్పేది తక్కువ.

బీడు బాగుచేసే పనిలో ఉపాధి కూలీతో వాలుకు అడ్డంగా కందకాలు తీయించండి, ఒకే గీతగా వద్దు, ముక్కలు ముక్కలుగా. కందకం మట్టిగట్టు మీద స్టైలో అనే మేతమొక్క విత్తనం చల్లండి. ఆ విత్తనం పైపొర గట్టిది, 80 డిగ్రీల వేడినీళ్లలో నాలుగైదు నిమిషాలు ఉంచి, ఆరబెట్టి చల్లితేనే బాగా మొలుస్తుంది. సర్కారు తుమ్మను కొట్టి వదిలేస్తే మొదట్లోంచి నాలుగు కొమ్మలు లేస్తాయి, అడుగు లోతు తవ్వి దుంప తీయాలి. దాని కాయలు తిన్న జీవాల పేడలోంచే కొత్త చెట్లు వస్తాయి కాబట్టి, తవ్విన ముక్కలోకి కాయల కాలంలో మందను తోలొద్దు.

ఇంత చేసినా కాగితం మీద బీడు లేకపోతే ఎవరో ఒకరు దున్నేస్తారు. గ్రామ సచివాలయంలో అడంగల్, తహసీల్దారు ఆఫీసులో ఆర్‌ఎస్‌ఆర్ (పాత సర్వే నాటి భూముల రిజిస్టరు), ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం) నకళ్లు తీసుకోండి. ‘మేత పోరంబోకు’ అని ఉందా, వేరే పేరుతో ఉందా చూడండి, ప్రభుత్వ బంజరుగా రాసి ఉంటే దానికి డీకేటీ పట్టాలు (సాగుకు ప్రభుత్వం ఇచ్చే పట్టాలు) ఇవ్వడం తేలిక. రీసర్వే జరిగిన ఊర్లో పాత సర్వే నంబరు పోయి ఎల్‌పీఎం (కొత్త భూమి పటం) నంబరు వచ్చి ఉంటుంది, పాత విస్తీర్ణమంతా కొత్తదాంట్లోకి వచ్చిందో లేదో కూడి చూసుకోండి. 22-ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూముల జాబితాలో, ఉందో లేదో కూడా అడగండి. నకళ్లు ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి.

ఆక్రమణ ఉంటే 1905 నాటి భూఆక్రమణ చట్టం ప్రకారం తహసీల్దారు ముందు నోటీసిచ్చి, తర్వాత ఖాళీ చేయించాలి. 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊరుమ్మడి భూముల ఆక్రమణలను తొలగించే పథకం తయారు చెయ్యమని అన్ని రాష్ట్రాలకు చెప్పింది. ఆ తీర్పు నకలు అర్జీకి జతచెయ్యండి. ప్రభుత్వం భూమిలేని కూలీలకో, ఎస్సీ, ఎస్టీలకో ఉత్తర్వు ప్రకారం ఇచ్చిన భూమి విషయంలో అదే తీర్పు మినహాయింపుకు చోటిచ్చింది, వాళ్ల జోలికి పోకండి. గుంటెడు దున్నుకునే పేదవాడితో మొదలుపెట్టి, పదెకరాలు కలుపుకున్నవాణ్ణి వదిలేస్తే కమిటీ మాట ఎవరూ వినరు. అర్జీ ఇచ్చిన ప్రతిసారీ రశీదు తీసుకుని, జీవాల లెక్క రాసే పుస్తకంలోనే అతికించండి. తహసీల్దారు మారినప్పుడల్లా ఆ పుస్తకం తీసుకుపోయి ముందు అది చూపించాలి.