కనిపెట్టుకుని ఉండటం ఎలా: నాకు తెలిసినంతవరకు

ఫిబ్రవరిలో మామయ్యగారికి పక్షవాతం వచ్చింది. ఏప్రిల్‌లో మావారి ఉద్యోగం పోయింది. జూన్‌లో పెద్దవాడు ఒక సబ్జెక్టు తప్పాడు. సెప్టెంబరులో అత్తయ్యగారు జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. "ఓపిక పట్టమ్మా, దేవుణ్ణి నమ్ముకో" అని చెప్పని మనిషి లేరు. ఎలా పట్టాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. నేను తడుముకుంటూ నేర్చుకున్నది రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తుందేమోనని.

ముందు ఆ మాట అర్థం సరిచేసుకోండి. దేవుని కొరకు కనిపెట్టుకుని ఉండాలని చిన్నప్పటి నుంచి వింటున్నా, చేతులు కట్టుకుని కూర్చోవడమే అనుకున్నాను. ఆస్పత్రిలో మొదటి రాత్రి నర్సు వచ్చి, "ఆయన్ని కాస్త కనిపెట్టుకుని ఉండండి" అంది. అదే మాట! కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే ఒంటికి పుళ్ళు పడతాయట. అలారం పెట్టుకుని పదింటికి, పన్నెండింటికి, రెండింటికి లేచాను. ఆయన ఎప్పుడు కోలుకుంటారన్నది నా చేతిలో లేదు, పక్కకు తిప్పడం నా చేతిలో ఉంది. తిప్పిన ప్రతిసారీ ఒక్క వాక్యం ప్రార్థన చేసేదాన్ని. అంతకంటే పొడుగు ప్రార్థనకు ఒంట్లో ఓపిక ఉండేది కాదు.

ఇంటికొచ్చాక ఒక నోటుబుక్కు తీశాను. మీరూ తీయండి. ఎడమ పేజీలో ఈ రోజు మనం చేయగలిగినవి, కుడి పేజీలో మన చేతిలో లేనివి. ప్రార్థనలో కుడి పేజీ చదవాలి, లేచాక ఎడమ పేజీ పని చూడాలి. వినడానికి తేలికే గానీ నేను మొదట్లోనే తప్పు చేశాను. "ఆయనకు ఉద్యోగం" అని కుడివైపు రాసి చేతులు దులుపుకున్నాను. పాత సహోద్యోగులు ముగ్గురికి ఫోన్ చేయడం ఎడమవైపుది కదా! మొహమాటపడి దాన్ని దేవుడి మీదకు నెట్టేశాను. బైబిల్లో, చేయని తప్పుకు చెరసాలలో పడ్డ యోసేపు కూడా తనతోపాటు అక్కడున్న పానదాయకుల అధిపతిని, అంటే రాజుకు పానీయం అందించే అధికారిని, నోరు తెరిచి అడిగాడు, నువ్వు విడుదలయ్యాక నా సంగతి ఐగుప్తు రాజు ఫరోతో చెప్పమని. అతను మర్చిపోయాడు, ఇంకో రెండేళ్ళు గడిచాయి, అది వేరే విషయం. యోసేపు మాత్రం అడిగాడు. మందులు, ఫిజియోథెరపీ, అప్పు వాయిదా గురించి మాట్లాడటం, ఇవన్నీ ఎడమ పేజీవే. ప్రార్థన చేస్తున్నాం కదా అని మాత్ర ఆపకండి.

ఎడమ పేజీలో రేపటి పని రాయకూడదు. ఇది కష్టం. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడు ఏ రోజుకారోజు ఇచ్చిన మన్నా అనే ఆహారాన్ని మర్నాటికి దాచుకుంటే పురుగు పట్టి కంపు కొట్టింది. నేను మే నెల టెన్షన్ ఏప్రిల్‌లోనే పడి చూశాను. మేలో మళ్ళీ పడాల్సే వచ్చింది, ఏమీ తగ్గలేదు.

కోపం వస్తే దేవుడితోనే చెప్పండి, అందంగా చెప్పక్కర్లేదు. 13వ కీర్తన మొదలే "నన్ను మరిచిపోయావా, ఎంతకాలం?" అని నిలదీయడం. 88వ కీర్తనైతే చివరికి కూడా ఊరట లేకుండా చీకటి దగ్గరే ఆగిపోతుంది. ఒక సాయంత్రం స్నానాలగదిలో కొళాయి తిప్పి, నీళ్ళ చప్పుడులో గట్టిగా అరిచాను. అత్తయ్యగారు బయటి నుంచి, "ఆయనతోనేనా మాట్లాడుతున్నావు?" అన్నారు. అవునన్నాను. "అయితే కానీ" అని వెళ్ళిపోయారు.

పరామర్శకు వచ్చేవాళ్ళ గురించి కూడా చెప్పాలి. బిడ్డల్ని, ఆస్తిని, ఆరోగ్యాన్ని పోగొట్టుకున్న యోబును చూడ్డానికొచ్చిన స్నేహితులు ఏడు రాత్రింబగళ్ళు నోరెత్తకుండా అతని పక్కన నేలమీద కూర్చున్నారు. అంతవరకు బంగారంలాంటి మనుషులు. మాట్లాడటం మొదలుపెట్టాకే పాడుచేశారు. మా బంధువు ఒకాయన, "ఇంట్లో దాచిన పాపం ఏదో ఉంది, వెతుక్కోండి" అన్నాడు. రెండు రాత్రులు నిజంగానే వెతుక్కున్నాను, నిద్ర మానుకుని. ఇప్పుడైతే నీళ్ళిచ్చి, "వస్తూ ఉండండి" అని పంపించేస్తాను. సాయం చేస్తామనేవాళ్ళకు మాత్రం కచ్చితంగా పని చెప్పండి: "గురువారం రాత్రి పది నుంచి రెండు దాకా మామయ్యగారి దగ్గర ఉంటారా?" అని. యుద్ధం జరుగుతున్నంతసేపూ ఎత్తి ఉంచాల్సిన మోషే చేతులు బరువెక్కితే అహరోను, హూరు చెరోవైపు పట్టుకున్నారు. ఆయనకే ఇద్దరు కావాల్సి వచ్చింది, మనమెంత.

నిద్రను తక్కువ చేయకండి. చచ్చిపోతానన్న ఏలీయా ప్రవక్తకు దేవదూత ముందు తిండి పెట్టాడు, పడుకోనిచ్చాడు, మళ్ళీ లేపి పెట్టాడు. ఉపదేశం ఆ తర్వాతే. రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి లేకుండా ఏ పనీ చేయబుద్ధి కాకపోతే, బతకాలనిపించకపోతే, డాక్టరు దగ్గరకు వెళ్ళండి. బతకాలనిపించనప్పుడు రెండు వారాలు ఆగకండి, ఆ రోజే వెళ్ళండి. అదీ ఎడమ పేజీ పనే.

నోటుబుక్కు ఇంకా నడుస్తోంది. కుడి పేజీలో పెద్దవాడి సబ్జెక్టు కొట్టేశాను, మణికట్టు కొట్టేశాను. ఉద్యోగం అలాగే ఉంది. మామయ్యగారి కుడిచేయి దుప్పటి అంచు పట్టుకుంటోంది, వదలడం ఇంకా రావట్లేదు. ఈ రాత్రి పన్నెండింటి అలారం మావారిది, రెండింటిది నాది.