వాన తిరగబడితే నావ కాదు: గళ్ళ నుడికట్టులో సమస్యలు, పరిష్కారాలు

మేం నలుగురం తెడ్లు వేస్తాం, ఐదో మనిషి కాక్స్, అంటే తెడ్డు వేయకుండా పడవకు దారి చూపే మనిషి. తెల్లవారుజామున హుస్సేన్‌సాగర్‌లో ప్రాక్టీసు ముగించి, పడవ కడిగి, తెడ్లు సర్దేశాక ఇరానీ చాయ్ దగ్గర ఒకరి మీదికొకరు గళ్ళ నుడికట్టు ఆధారాలు విసురుకుంటాం. ఆదివారం ఒకరు గడి కూర్చుకొస్తే మిగతావాళ్ళు పూరించాలి. శ్రీశ్రీ పదబంధ ప్రహేళికలు కూర్చాడు, ఆరుద్ర గళ్ళ నుడికట్లు కూర్చాడు. ఆ స్థాయి మాది కాదు గానీ, తప్పులు చేయడంలో మంచి అనుభవమే గడించాం. మళ్ళీ మళ్ళీ తగిలేవి, వాటికి మాకు పనిచేసిన మందులు ఇక్కడ రాస్తున్నాను. ఆధారం చివరి అంకె గళ్ళ లెక్క.

చెవికి సరిపోతుంది, గళ్ళలో సరిపోదు

లక్షణం: మా విశాఖవాడు ఒక ఆదివారం ఇచ్చిన ఆధారం ఇది: "వాన తిరగబడితే తేలేది (2)". క్షణంలో 'నావ' అనేశాం. అబ్బ, ఏం ఆధారంరా అని వీపు కూడా చరిచాం. కాక్స్ అమ్మాయి మాత్రం ఒప్పుకోలేదు. పేపర్ నాప్‌కిన్ మీద రెండు గళ్ళు గీసి, 'వా' ఒకదాంట్లో, 'న' ఒకదాంట్లో రాసి, "ఇప్పుడు వెనక నుంచి చదవండన్నా" అంది. చదివితే 'నవా'.

కారణం: తెలుగు గడిలో గుణింతంతో సహా అక్షరమంతా ఒక్క గడిలో కూర్చుంటుంది. తిరగేస్తే 'వా' మొత్తంగా వెనక్కి వెళ్ళాలి, దీర్ఘాన్ని ముందు వదిలేసి కాదు. ఇంగ్లిష్ క్రాస్‌వర్డ్‌ల అలవాటు ఉన్నవాళ్ళకు ఈ పొరపాటు ఎక్కువ, ఎందుకంటే అక్కడ అచ్చులు విడి అక్షరాలు. లండన్ అబ్జర్వర్‌లో 1972 నుంచి గడులు కూర్చిన 'అజెడ్' కలంపేరు అలా పుట్టిందే: డెజా అనే స్పెయిన్ మతవిచారణాధికారి పేరు తిరగేస్తే అజెడ్. అదే డెజాను తెలుగు గళ్ళలో తిరగేస్తే 'జాడె' వస్తుంది.

మరి వానకీ నావకీ చుట్టరికమే లేదా? ఉంది. పడవలో ఇద్దరు సీట్లు మార్చుకుంటే మనుషులు మారతారు గానీ తెడ్డును పట్టి ఉంచే రిగ్గర్లు బిగించినచోటే ఉంటాయి. ఇక్కడా అంతే. వ, న చోట్లు మార్చుకున్నాయి, దీర్ఘం మొదటి సీటు దగ్గరే ఉండిపోయింది.

మందు: జరిగింది ఏమిటో అదే చెప్పండి. "వానలో హల్లులు సీట్లు మార్చుకుంటే తేలేది (2)" అంటే ఎవరూ వేలెత్తి చూపలేరు. అందం తగ్గింది, నిజమే. అందం కావాలంటే దారి మార్చాలి: "వానా వరదా నడుమ చిక్కిన పడవ (2)". వా'నా వ'రదా. రెండు మాటలూ కలిసే చోట నావ కూర్చుని ఉంది, మనం జంటగా అనే మాటల్లోనే. ఇలా దాచేటప్పుడు ఒక జాగ్రత్త: అల, ఏరు, ఓడ లాంటి అచ్చుతో మొదలయ్యే మాటలు దాదాపు దాగవు. మాట మధ్యలో అచ్చు విడిగా రాయం కదా.

ఆధారం కళ్ళకు కడుతుంది, జవాబు మాత్రం తట్టదు

లక్షణం: "తెల్లారి మొదట, ఒడ్డు చివర, చేత పట్టేది (2)". మంచు, ఒడ్డు, చేతిలో చాయ్ గ్లాసు అన్నీ కనిపిస్తాయి. గడిలో మాత్రం ఏమీ పడదు.

కారణం: ఆ బొమ్మ ఎర. కూర్చినవాడు మీ చేత ఆ బొమ్మే చూపించాలనుకున్నాడు.

మందు: బొమ్మను మర్చిపోయి మాటలను విడగొట్టండి. ఆధారంలో ఒక కొసన జవాబుకు అర్థం ఉంటుంది, మిగతాది దాన్ని కట్టే పద్ధతి. అర్థం మధ్యలో ఉండదు. మన వాక్యం చివర బరువెక్కుతుంది కాబట్టి అర్థం చివర్లో పెట్టడం చాలామందికి అలవాటు. అందుకే నేను ముందు చివరి ముక్క చూస్తాను. ఇక్కడ 'చేత పట్టేది' అర్థం. తెల్లారిలో మొదటి అక్షరం 'తె', ఒడ్డులో చివరిది 'డ్డు'. తెడ్డు. పొద్దున్నుంచీ చేతిలో ఉన్నదే, నలుగురిలో ఒక్కరికీ తట్టలేదు.

ఒక ఆధారానికి రెండు జవాబులు

"తీగ తిరిగి శిరసు (2)". తల అని ఇద్దరు, లత అని ఇద్దరు. రెండూ సరే. తప్పు పూరించినవాళ్ళది కాదు, 'తిరిగి' అన్న మాటను నట్టనడుమ పెట్టినవాడిది. అది అటూ అతుకుతుంది, ఇటూ అతుకుతుంది. మన వ్యాకరణమే దీనికి మందు ఇస్తుంది: విశేషణం ముందు వస్తే వెనకున్న మాటనే పట్టుకుంటుంది. "తిరగబడ్డ తీగ, శిరసు" అంటే తిరగబడేది తీగే, జవాబు తల. నిలువు ఆధారమైతే "శీర్షాసనం వేసిన తీగ" అనొచ్చు. అడ్డం పదానికి శీర్షాసనం వేయించకండి, అది పక్కకు పడుకుని ఉంది.

ఇలాంటిదే ఇంకోటి నేనే చేశాను: "అర్ధం లేని కలవరం (2)". సగం తీసేయమని నా ఉద్దేశం. మొదటి సగం తీస్తే వరం, రెండో సగం తీస్తే కల. ఏది తీయాలో నేను చెప్పలేదు, పైగా జవాబుకు అర్థమన్నదే ఆధారంలో లేదు. 'థ'కు 'ధ' రాశావని గొడవ వేరే. ఆధారాన్ని చింపేసి కలవరాన్నే జవాబు చేశాను: "నిద్రలో వచ్చింది, దేవుడిచ్చింది కలిస్తే కంగారు (4)".

అన్నీ సరిపోయాయి, ఒక గడి మిగిలింది

సముద్రం మూడు గళ్ళు, సముద్రము నాలుగు. చాలాసార్లు కారణం ఇంతే. కూర్చేవాళ్ళకు మా నియమం: నోటితో ఎలా అంటామో అలాగే సున్నతో ముగించాలి, 'ము' కావాలంటే కావ్యభాష అని ఆధారంలోనే సూచించాలి. పూరించేవాళ్ళు ఒక గడి తేడా రాగానే ము, డు, లు పెట్టి, తీసి చూడండి.

గళ్ళ లెక్క సరిపోయి అడ్డం, నిలువు కొట్టుకుంటుంటే గుణింతం చూడాలి. "అటు చూసినా ఇటు చూసినా గాలి వచ్చే దారి (3)". వరంగల్ వాడు 'కిటికీ' రాశాడు. చివరి గడిలో మొదలయ్యే నిలువు పదం 'కిరణం'. రాద్ధాంతం జరిగింది. ఎటు చూసినా ఒకటే అన్నారంటే రెండు కొసలూ ఒకేలా ఉండాలి, అంటే కిటికి. ఆధారం ఆ మాట చెప్పకపోయి ఉంటే మాత్రం తప్పు కూర్చినవాడిదే అయ్యేది. రెండు రకాలుగా రాసే అక్షరాన్ని ఇంకో పదంతో కలవని గడిలో పెట్టడం మేలు. ళ్ళు, ళ్లు గొడవకైతే అంత సీను లేదు, ఏది రాసినా ఒప్పుకోండి.

కూర్పు సగంలో ఆగిపోతుంది

లక్షణం: ఇంగ్లిష్ వాళ్ళ పదిహేను గళ్ళ చదరం తీసుకుని తెలుగు పదాలు నింపడం మొదలుపెడతారు. మూడు అడ్డం పదాలు పడగానే ఒక్క నిలువు పదమూ కదలదు.

కారణాలు రెండు. మన పదాలు ఎక్కువగా రెండు నుంచి ఐదు అక్షరాలవి. అంత పెద్ద చదరంలో సగం నల్లగళ్ళే మిగులుతాయి. రెండోది, అడ్డం, నిలువు పదాలు కలిసే కూడళ్ళలో కూర్చున్న అక్షరాలు. కారణం, చరణం అని రాసి ఆ 'ణం' దగ్గర నిలువు పదం మొదలుపెట్టాలని చూస్తారు. ణతోనూ ళతోనూ మొదలయ్యే వాడుకమాట మనకు లేదు. పొల్లుతో ముగిసే 'బోట్' కూడా అంతే. 'ట్'తో మొదలయ్యే పదం ఎక్కడ దొరుకుతుంది?

మందు: తొమ్మిదేసి గళ్ళ చదరంతో మొదలుపెట్టండి. కూడళ్ళలో క, న, మ, ర, ల, వ లాంటి తలకట్టు అక్షరాలు పడేలా చూసుకోండి. వత్తులను, పొల్లులను కూడలి కాని గళ్ళలోకి తోసేయండి. బోట్ వద్దు, బోటు రాయండి. నేను ముందు కూడళ్ళ అక్షరాలు పెన్సిల్‌తో రాసుకుని తర్వాతే పదాలు వెతుకుతాను. ఈ ఒక్క అలవాటుతో నా ఆదివారాలు మిగిలాయి.

అర నిమిషంలో అందరూ చెప్పేస్తున్నారు

"వలన తడబడితే చదువుకునేది (3)". మూడక్షరాలను ఆరు రకాలుగానే పేర్చగలం. నాలుగైతే 24, ఐదైతే 120. మూడింటిని తడబెట్టి దాచానని అనుకోవడం తెడ్డు వెనక ఏనుగును దాచడమే. 'వలన' బదులు 'కారణంగా' అని రాసి రెండు మెట్లు ఎక్కిద్దామా అని మావాడు అడిగాడు. ఇంగ్లిష్‌లో దాన్ని అన్యాయమంటారు, నాకూ నచ్చదు. తడబాటు వదిలి అతికించి చూడండి: "నది మొదట్లో, చేపలు పట్టేది, చదువుకునేది (3)". నదిలో మొదటి 'న', ఆ పక్కన వల. నవల.

ఆధారంలో ఏ పనీ చేయని మాటలు ఉండకూడదు. అఫ్రిట్ అనే కలంపేరుతో గడులు కూర్చిన ఆంగ్లేయుడి సూత్రం మాకు వేదవాక్కు: నువ్వు అన్నదే నీ ఉద్దేశం కానక్కర్లేదు, కానీ నీ ఉద్దేశాన్ని నువ్వు అని తీరాలి.

మనవాళ్ళకు తప్ప ఎవరికీ అర్థం కాదు

లక్షణం: మా గడి ఒకటి కాక్స్ వాళ్ళమ్మగారికి ఇచ్చాం. తెలుగు పంతులమ్మ, నిఘంటువు నోట్లో ఉంటుంది. మూడొంతులు ఖాళీగా తిరిగొచ్చింది.

కారణం: మాలో మాకు కుదిరిపోయిన గుర్తులు. తెడ్డు వేసేవాళ్ళం వెళ్ళే దిక్కుకు వీపు పెట్టి కూర్చుంటాం కాబట్టి 'తెడ్డు వేస్తూ' అంటే పదాన్ని వెనక్కి చదవాలని మాకు లెక్క. పడవ ఎక్కని మనిషికి అది ఎలా తెలుస్తుంది? యాస కూడా ఇలాగే తగులుతుంది. వరంగల్ వాడు 'దారి' అని ఇచ్చి 'తొవ్వ' అడిగితే నేను తెనాలివాణ్ణి, తల గోక్కున్నాను.

మందు: యాసను తీసేయకండి, ఊరు చెప్పండి. "ఓరుగల్లు దారి" అంటే నాకూ న్యాయమే. "మొదటి స్వరం సాగాక హైదరాబాదీ వేడి, హుస్సేన్ వెంట ఉండేది (3)" అన్నప్పుడు స సాగి 'సా' అయింది, వేడి ఎక్కడిదో చెప్పాం కాబట్టి 'గరం' దొరుకుతుంది. సాగరం. పడవ గుర్తులకూ ఇదే పద్ధతి, ఎందుకు వెనక్కి చదవాలో ఆధారంలోనే తెలియాలి. కాక్స్ ముందుకు చూస్తుంది, తెడ్డు వేసేవాళ్ళలో ఆమెకు అందరికన్నా దగ్గరగా కూర్చున్నవాడు, అంటే స్ట్రోక్, వెనక్కి చూస్తాడు, ఇద్దరూ ఎదురెదురు. దాని మీద మొదట మేం రాసింది "కాక్స్‌కూ స్ట్రోక్‌కూ ఒకేలా తామర (3)". పంతులమ్మగారు దాన్ని చూసి చర్మవ్యాధా అని అడిగారు. మరుసటి ఆదివారం "ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరికీ ఒకేలా కనిపించే పువ్వు (3)" అని మార్చి పంపాం. చాయ్ చల్లారకముందే ఫోన్‌కు జవాబొచ్చింది: జలజ. కింద ఇంకో లైను, "తామర అంటేనే బాగుండేది, నేను ఊరికే అన్నాను".